అవతలి సర్వర్ నిజంగా ఆగిందా? రెండు నోడ్ల క్లస్టర్‌లో స్టోరేజీ ఫెయిలోవర్

రెండు సర్వర్లు పెట్టి, ఒకటి పడిపోతే రెండోది పని అందుకునేలా అమర్చుకోవడం పాత పద్ధతే. ఇలా పని చేతులు మారడాన్ని ఫెయిలోవర్ అనీ, అలా జతకట్టిన సర్వర్లను క్లస్టర్ అనీ, అందులో ఒక్కో సర్వర్‌ను నోడ్ అనీ అంటారు. వెబ్ సర్వర్ లాంటి వాటికి ఇందులో పెద్ద చిక్కేమీ ఉండదు. ఒకే ప్రోగ్రామ్ రెండు చోట్లా ఒకేసారి నడిచినా కొంప మునిగేదేమీ లేదు. డిస్కు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఏ బ్లాకు ఖాళీగా ఉందో, ఏది ఏ ఫైలుకు చెందిందో తమ మెమరీలోనే గుర్తుపెట్టుకుంటాయి. అవతల ఇంకో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అవే బ్లాకులను వేరే ఫైలుకు ఇచ్చేస్తోందని తెలుసుకునే దారి వాటికి లేదు. ఒకే డిస్కును రెండు వైపులా మౌంట్ చేస్తే, అంటే వాడకానికి తెరిస్తే, కొద్దిసేపట్లోనే డైరెక్టరీలు చెడిపోవడం మొదలవుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవనేది ఇక్కడ సామెత కాదు, సాంకేతిక నియమం.

కాబట్టి స్టోరేజీ ఫెయిలోవర్‌లో రెండో సర్వర్‌ను పనిలోకి దింపడం సులువైన సగం. మొదటి సర్వర్ ఇక ఒక్క బైటు కూడా రాయలేదని నిర్ధారించుకోవడం అసలు సగం. రెండు నోడ్ల క్లస్టర్‌లు చెడిపోయిన సందర్భాలు చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ ఈ రెండో సగంలోనే కనిపిస్తుంది. దీన్ని లైనక్స్ మీద బాగా వాడుకలో ఉన్న అమరికతో చూద్దాం. డిస్కును నకలు చేయడానికి డీఆర్‌బీడీ, నోడ్లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉండడానికి కోరోసింక్, ఏ సర్వీసు ఎక్కడ నడవాలో తేల్చడానికి పేస్‌మేకర్.

జవాబు రాకపోవడానికి కారణాలెన్నో

ఒక నోడ్ నుంచి సమాధానం ఆగిపోయిందంటే దానికి కరెంటు పోయి ఉండొచ్చు. నెట్‌వర్క్ కేబుల్ ఊడి ఉండొచ్చు. స్విచ్ రీబూట్ అవుతూ ఉండొచ్చు. కెర్నల్ ఇరుక్కుపోయి ఉండొచ్చు. అది వర్చువల్ మెషీన్ అయితే కింద ఉన్న హోస్టు దాన్ని ఓ ఇరవై సెకన్లు నిద్రపుచ్చి ఉండొచ్చు. ఇవతలి నోడ్‌కు ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి: నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ప్రమాదకరమైనది చచ్చిపోయిన నోడ్ కాదు, నిద్రపోయిన నోడ్. లైనక్స్ రాతలను ముందు మెమరీలో ఉంచుకుని తర్వాత డిస్కుకు పంపుతుంది. డిఫాల్టుగా 30 సెకన్లు పాతబడిన పేజీలను రాయాల్సినవిగా లెక్కిస్తుంది. ఇరవై సెకన్లు నిద్రపోయి లేచిన నోడ్‌కు తాను నిద్రపోయానని తెలియదు. మెమరీలో ఉన్న పాత పేజీలను తాపీగా డిస్కు మీద పరుస్తుంది. ఈలోగా రెండో నోడ్ అదే డిస్కును మౌంట్ చేసి డేటాబేస్ లేపి ఉంటే ఆ పాత పేజీలు కొత్త డేటా మీద పడతాయి. ఒకే డిస్కుకు ఒకటికి మించి దారులు వేసే మల్టీపాత్ పద్ధతి వాడే షేర్డ్ డిస్కులో ఇంకో రకం ఉంది. దారులన్నీ పోతే అభ్యర్థనలను క్యూలో ఆపి ఉంచు అని అమర్చి ఉంటే, గంట తర్వాత కేబుల్ తిరిగి పెట్టినా ఆ క్యూ అంతా ఒక్కసారిగా డిస్కు మీదికి దూకుతుంది.

అందువల్ల ఎంతసేపు ఎదురుచూసినా అది రుజువు కాదు. ఐదు సెకన్లైనా ఐదు నిమిషాలైనా నిశ్శబ్దం నిశ్శబ్దమే. రుజువు కావాలంటే అవతలి నోడ్‌కు కరెంటు తీసేయాలి, లేదా డిస్కు దాని రాతలను తిరస్కరించేలా చేయాలి. దీన్నే ఫెన్సింగ్ అంటారు. పేస్‌మేకర్ ప్రపంచంలో దీని పేరు స్టోనిత్. ఎదుటి నోడ్ నెత్తిన కాల్చు అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలు అవి. పేరు మొరటుగా ఉన్నా అది చేసే పని సరిగ్గా అదే.

నకలు ఎలా నడుస్తుంది

డీఆర్‌బీడీని వియన్నాకు చెందిన లిన్‌బిట్ సంస్థ అభివృద్ధి చేస్తోంది. 2010లో విడుదలైన 2.6.33 నుంచి అది లైనక్స్ కెర్నల్‌లో భాగం. ఫైల్ సిస్టమ్‌కూ అసలు డిస్కుకూ మధ్య కూర్చుని, వచ్చిన ప్రతి రాతనూ ఇక్కడి డిస్కుకు ఇస్తూనే నెట్‌వర్క్ మీదుగా రెండో సర్వర్‌కు కూడా పంపుతుంది. ఒక వైపు ప్రైమరీ, మరో వైపు సెకండరీ. సెకండరీ మీద ఆ డిస్కును మౌంట్ చేయడం కుదరదు, చదవడానికైనా సరే. చదివే పని ప్రైమరీ తన డిస్కు నుంచే చేసుకుంటుంది కనుక నెట్‌వర్క్ భారం రాతలకే.

రాత పూర్తయిందని అప్లికేషన్‌కు ఎప్పుడు చెప్పాలన్నదాన్ని బట్టి మూడు ప్రోటోకాల్‌లు ఉన్నాయి. ‘ఏ’ (A) రకంలో ఇక్కడి డిస్కు మీద రాసి, అవతలికి పంపాల్సిన డేటా నెట్‌వర్క్ బఫర్‌లో పడితే చాలు. బీ రకంలో అది అవతలి సర్వర్ మెమరీకి చేరాలి. సీ రకంలో అవతలి డిస్కు మీద కూడా పడినట్టు కబురు రావాలి. ఒకే గదిలో ఉన్న రెండు సర్వర్లకు సీ తప్ప ఇంకోటి వాడడానికి కారణం కనిపించదు. ‘ఏ’ (A) రకంతో నడుస్తున్నప్పుడు ప్రైమరీ పడిపోతే, కస్టమర్‌కు సేవ్ అయిందని చెప్పిన చివరి కొన్ని రాతలు సెకండరీ మీద ఉండకపోవచ్చు. ఊళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉండి, ప్రతి రాతకూ ఆ ఆలస్యం భరించలేనప్పుడే ఆ బేరం ఒప్పుకోవాలి.

రెండు సర్వర్ల మధ్య నకలు కోసం వేరే కేబుల్ ఉండాలి. స్విచ్ లేకుండా నేరుగా వేస్తే ఇంకా మంచిది. 1 గిగాబిట్ లింకు మీద సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వెళ్తాయి. ఆ లెక్కన 1 టెరాబైటు డిస్కు మొదటిసారి పూర్తిగా నకలు కావడానికి రెండున్నర గంటలు పడుతుంది. కొత్త సర్వర్‌లో ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన డిస్కులు పెట్టి, మధ్యలో 1 గిగాబిట్ కేబుల్ వదిలేసి, తర్వాత డేటాబేస్ నెమ్మదించిందని వెతుక్కునేవాళ్లు తక్కువేమీ కాదు. సీ ప్రోటోకాల్‌లో రాత వేగం ఆ కేబుల్ వేగాన్ని మించదు.

లింకు తెగినప్పుడు ప్రైమరీ ఏ బ్లాకులు మారాయో ఒక బిట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి 4 కిలోబైట్లకు ఒక బిట్, అంటే టెరాబైటుకు 32 మెగాబైట్ల చోటు. లింకు తిరిగొచ్చాక మారిన బ్లాకులే వెళ్తాయి కాబట్టి పది నిమిషాల అంతరాయానికి మళ్లీ రెండున్నర గంటలు అక్కర్లేదు.

ప్రైమరీయే హఠాత్తుగా కరెంటు పోయి ఆగిపోతే, చివరి క్షణాన ఏ బ్లాకులు సగం రాసి ఉన్నాయో దానికే తెలియదు. దానికోసం యాక్టివిటీ లాగ్ అని ఇంకోటి ఉంది. ఇటీవల రాతలు పడిన ప్రాంతాల చిట్టా అది. ఒక్కో ప్రాంతం 4 మెగాబైట్లు, డిఫాల్టుగా 1237 ప్రాంతాల వరకు పెట్టుకుంటుంది. పడిపోయిన నోడ్ తిరిగి లేచాక ఈ చిట్టాలో ఉన్నవన్నీ అవతలి నుంచి తెచ్చుకుంటుంది. గరిష్ఠంగా 5 గిగాబైట్లలోపే. 1 గిగాబిట్ లింకు మీద ముప్పావు నిమిషం పని. దీనికి తోడు, తాను లేనప్పుడు అవతల మారిన బ్లాకులు.

అన్నట్టు, ప్రైమరీ సర్వర్‌లో డిస్కు మాత్రమే చెడిపోతే ఫెయిలోవరే అక్కర్లేదు. ఎర్రర్ వచ్చినప్పుడు డిస్కును విడదీసేయమని అమర్చి ఉంటే డీఆర్‌బీడీ ఆ క్షణం నుంచి చదివేవీ రాసేవీ రెండూ నెట్‌వర్క్ మీదుగా సెకండరీ డిస్కు మీదే చేస్తుంది. సర్వీసు ఆగదు. తీరిక చూసుకుని రాత్రిపూట మార్చుకోవచ్చు. ఇంత సౌకర్యం ఉందని తెలియక పట్టపగలు హడావుడిగా సర్వర్ మార్చినవారూ ఉంటారు.

కరెంటు పోయిన క్షణం నుంచి

ప్రైమరీ సర్వర్ పవర్ పోయిందనుకుందాం. కోరోసింక్ రెండు నోడ్ల మధ్య ఒక టోకెన్ తిప్పుతూ ఉంటుంది. కొత్త వెర్షన్లలో టోకెన్ గడువు డిఫాల్టుగా 3000 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటాక వెంటనే అవతలి నోడ్ పోయిందని తేల్చేయదు. ఇంకా ఎవరెవరు ఉన్నారో తేల్చుకోవడానికి టోకెన్ గడువుకు 1.2 రెట్లు, అంటే మరో 3.6 సెకన్లు చూస్తుంది. కాబట్టి డిఫాల్ట్ అమరికలో సుమారు ఆరున్నర సెకన్లు గడిచేదాకా పేస్‌మేకర్‌కు ఏమీ తెలియదు. టోకెన్ గడువును ఒక సెకనుకు తగ్గిస్తే తొందరగా కనిపెడుతుంది, కానీ బ్యాకప్ నడుస్తూ నెట్‌వర్క్ నిండిపోయిన ప్రతి రాత్రీ ఆరోగ్యంగా ఉన్న నోడ్‌ను కాల్చేస్తుంది. ఈ నాలుగైదు సెకన్లు మిగుల్చుకోవాలన్న ఆత్రం సాధారణంగా నష్టమే తెస్తుంది.

తర్వాత ఫెన్సింగ్. పేస్‌మేకర్ అవతలి సర్వర్ పవర్‌ను దూరం నుంచి అదుపు చేసే బీఎంసీకి ఐపీఎంఐ అనే ప్రోటోకాల్ ద్వారా పవర్ ఆపమని చెప్పి, ఆగినట్టు స్థితి అడిగి తెలుసుకునేదాకా ఎదురుచూస్తుంది. మామూలుగా ఐదు నుంచి పదిహేను సెకన్లు. అది విజయవంతమైతేనే ముందుకు కదులుతుంది. విఫలమైతే మళ్లీ ప్రయత్నిస్తూ అక్కడే కూర్చుంటుంది, స్టోరేజీని ముట్టుకోదు. చూసేవారికి క్లస్టర్ పనిచేయడం లేదనిపిస్తుంది. నిజానికి అది చేయాల్సిన పనే చేస్తోంది.

ఫెన్సింగ్ ముగిశాక డీఆర్‌బీడీని ప్రైమరీగా మారుస్తుంది, ఒకటి రెండు సెకన్లు. ఫైల్ సిస్టమ్ మౌంట్ అవుతుంది. ఇది సజావుగా అన్‌మౌంట్ అయిన డిస్కు కాదు, ఉన్నపళంగా కరెంటు పోయిన డిస్కుతో సమానం. కాబట్టి జర్నల్ (పూర్తికాని మార్పుల చిట్టా) తిరగదోడుకోవాలి, మామూలుగా కొద్ది సెకన్లు. డేటాబేస్ ఉంటే అదీ తన రీడూ లాగ్ చదువుకుని కోలుకోవాలి. లాగ్ ఎంత పెద్దగా పెట్టుకుంటే ఇక్కడ అంత సమయం. చివర్లో వర్చువల్ ఐపీ, అంటే క్లయింట్లు సర్వర్‌ను వెతుక్కునే చిరునామా, ఈ సర్వర్ మీదికి వస్తుంది. అది రాగానే ఏఆర్‌పీ ప్రకటనలు పంపి, ఈ చిరునామా ఇక నా దగ్గర ఉందని స్విచ్‌లకూ క్లయింట్లకూ చెబుతుంది.

మొత్తం కలిపితే ఇరవై నుంచి ముప్పై సెకన్లు. ఎవరైనా అంతరాయమే లేని ఫెయిలోవర్ అని అమ్మజూపితే, ఈ మెట్లలో దేన్ని ఎగరగొట్టారో అడగాలి.

ఇక సెకండరీ పడిపోతే సర్వీసుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. సీ ప్రోటోకాల్‌లో ప్రైమరీ ప్రతి రాతకూ అవతలి కబురు కోసం చూస్తుంది కదా. ఆ కబురు రాకపోతే డిఫాల్టుగా 6 సెకన్ల తర్వాత లింకు పోయిందని తేల్చుకుంటుంది. డీఆర్‌బీడీలో ఫెన్సింగ్ విధానాన్ని కట్టుదిట్టంగా పెట్టి ఉంటే, అవతలి నకలు పాతబడిందని నమోదయ్యేదాకా రాతలన్నిటినీ ఆపి ఉంచుతుంది. అందుకే ఖాళీగా కూర్చున్న సర్వర్‌ను లాగేసినా నడుస్తున్న సర్వర్‌లో పది సెకన్ల కుదుపు కనిపిస్తుంది.

ఫెన్సింగ్ ఎక్కడ బెడిసికొడుతుంది

బీఎంసీ చిన్న కంప్యూటరే గానీ అది తాగేది అదే సర్వర్ కరెంటు. సర్వర్ పవర్ సప్లైలు రెండూ పోతే బీఎంసీ కూడా పోతుంది. అప్పుడు బతికున్న నోడ్ పవర్ ఆపమని అడిగితే వినేవాళ్లు లేరు, ఫెన్సింగ్ విఫలం, క్లస్టర్ స్తంభన. ఏ ప్రమాదం కోసం క్లస్టర్ కట్టారో సరిగ్గా ఆ ప్రమాదంలోనే అది ఆగిపోతుందన్నమాట. దీనికి మందు రెండో అంచె: బీఎంసీ పలకకపోతే ర్యాకులోని పీడీయూ (కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ) ద్వారా సర్వర్ ప్లగ్గులు ఆపడం. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటే రెండు ప్లగ్గులనూ ఒకే అంచెలో చేర్చాలి. ఒకదాన్ని ఆపి, తిరిగి వేసి, తర్వాత రెండోదాన్ని ఆపితే సర్వర్‌కు ఏమీ కాదు, కానీ ఫెన్సింగ్ విజయవంతమైందని లాగ్‌లో రాసి ఉంటుంది. ఒకే అంచెలో పెడితే పేస్‌మేకర్ రెండింటినీ ఆపాకే తిరిగి వేస్తుంది.

బీఎంసీ చేరుకునే నెట్‌వర్క్ కూడా చూసుకోవాలి. కోరోసింక్, డీఆర్‌బీడీ, బీఎంసీ మూడూ ఒకే స్విచ్ మీద ఉంటే, ఆ స్విచ్ పోయినప్పుడు నోడ్లు ఒకదాన్నొకటి చూడలేవు, కాల్చుకోనూ లేవు. కోరోసింక్ మూడో తరం ఎనిమిది లింకుల వరకు ఒప్పుకుంటుంది. కనీసం రెండు పెట్టాలి. నేరుగా వేసిన నకలు కేబుల్ ఒకటి, ఆఫీసు నెట్‌వర్క్ మరొకటి.

మధ్య లింకులన్నీ తెగి బీఎంసీలు మాత్రం అందుబాటులో ఉంటే ఇంకో చిక్కు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, అవతలివాడు పోయాడని ఇద్దరూ అనుకుంటారు, ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు. రెండు సర్వర్లూ ఆరిపోతాయి. దీన్ని ఆపడానికి ఒకవైపు కాల్పును కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తారు. ఇక్కడ చాలామంది తిరగేసి పెడతారు. ఆలస్యం ఏ నోడ్‌ను కాల్చే పరికరానికి పెడితే ఆ నోడ్ బతుకుతుంది, ఎందుకంటే దాన్ని కాల్చాల్సినవాడు ఆగి ఉంటాడు. మామూలుగా సర్వీసులు నడిచే నోడ్ ఒకటో నంబరైతే, ఒకటో నంబరును కాల్చే పరికరానికే పది సెకన్ల ఆలస్యం పెట్టాలి. సర్వీసులు అటూ ఇటూ మారుతుంటాయి కనుక, ఆ సమయానికి ఎక్కువ పని మోస్తున్న నోడ్‌కు తనంతట తానే మొగ్గు ఇచ్చే ఎంపిక పేస్‌మేకర్ 2.0.4 నుంచి ఉంది. ప్రయారిటీ ఫెన్సింగ్ డిలే అని దాని పేరు. కొత్తగా కట్టేవారు దాన్నే వాడడం మేలు.

ఇంకో చిన్న విషయం. లైనక్స్ సర్వర్ పవర్ బటన్ సంకేతం అందగానే మర్యాదగా షట్‌డౌన్ మొదలుపెడుతుంది. అంటే ఫెన్సింగ్ తూటా తగలాల్సిన నోడ్, తీరిగ్గా సర్వీసులు ఆపుకుంటూ ఇంకా రాస్తూ ఉంటుంది. లైనక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలోని లాగిన్‌డీ అమరికల్లో పవర్ కీని పట్టించుకోవద్దని చెబితే ఆరడం తక్షణమే జరుగుతుంది.

కోరమ్, అంటే నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన మెజారిటీ, సంగతీ ఇక్కడే చెప్పాలి. మూడు నోడ్లుంటే ఇద్దరు కలిసినవాళ్లది మెజారిటీ. రెండే ఉంటే ఒకటి పోగానే మిగిలింది సగమే, మెజారిటీ కాదు. అందుకే కోరోసింక్‌లో రెండు నోడ్ల ప్రత్యేక అమరిక ఉంది. ఒక్క నోడ్ మిగిలినా కోరమ్ ఉన్నట్టే లెక్కిస్తుంది. దాంతోపాటే ఇంకో నియమం తనంతట తానే వస్తుంది: క్లస్టర్ మొదట లేచేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకసారి కనిపించాల్సిందే. ఇది లేకపోతే, కాల్పు తిన్న నోడ్ రీబూట్ అయి, అవతలివాడు కనబడక, తాను అతన్ని కాలుస్తుంది. అతను లేచి మళ్లీ ఇతన్ని. నెట్‌వర్క్ బాగయ్యేదాకా ఇద్దరూ వంతులవారీగా చస్తూ బతుకుతూ ఉంటారు. నిర్వాహకులు విసుగొచ్చి ఈ నియమాన్ని తీసేయడం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. తీయకూడదు.

మూడో చోట ఒక చిన్న యంత్రం మీద సాక్షి ఓటు పెట్టుకునే వీలు కూడా ఉంది. కోరోసింక్‌లో దాన్ని క్యూడివైస్ అంటారు, టీసీపీ 5403 పోర్టు మీద మాట్లాడుతుంది. సర్వర్ పెద్దది అక్కర్లేదు. కానీ దాన్ని ఈ రెండు నోడ్లలో ఒకదాని మీదే వర్చువల్ మెషీన్‌గా నడిపితే పిల్లికి ఎలుక సాక్ష్యం. అది ఉన్న నోడ్ పోతే సాక్షీ పోతుంది, మిగిలినవాడికి ఓటు దక్కదు. సాక్షి ఉన్నా ఫెన్సింగ్ అవసరం తీరదు. ఎవరు గెలిచారో సాక్షి చెబుతుంది, ఓడినవాడి చేతిలోంచి కలం లాక్కోదు.

ఇక చేత్తో ధ్రువీకరించడం. ఫెన్సింగ్ విఫలమై క్లస్టర్ ఆగినప్పుడు, ఆ నోడ్ ఆగిందని నేను చూశాను అని పేస్‌మేకర్‌కు చెప్పే కమాండు ఉంది. సర్వర్ గదికి వెళ్లి, ప్లగ్గు చేత్తో పీకి, తర్వాతే అది కొట్టాలి. పింగ్ రావడం లేదని ఇంటి నుంచి కొట్టేస్తే, క్లస్టర్ పట్టుబట్టి అడుగుతున్న రుజువు బదులు దాని చేతిలో ఒక అబద్ధం పెట్టినట్టే.

సర్వర్ ఆరోగ్యంగానే ఉన్నా కాల్పు ఎందుకు?

నిర్వాహకులను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇది. సర్వీసును ఒక నోడ్ నుంచి మరోదానికి ప్రశాంతంగా మార్చమని చెబితే, పాత నోడ్ ఉన్నట్టుండి రీబూట్ అయిపోతుంది. కారణం ఆపడంలో వైఫల్యం. పేస్‌మేకర్ ముందు డేటాబేస్ ఆపాలి, తర్వాత అన్‌మౌంట్ చేయాలి, తర్వాత డీఆర్‌బీడీని సెకండరీ చేయాలి. ఈ మెట్లలో ఏది గడువులోగా ముగియకపోయినా ఆ నోడ్ ఇంకా రాస్తుండొచ్చని పేస్‌మేకర్ భావిస్తుంది. ఇక మిగిలింది కాల్పే. గడువు ఏదీ రాయకపోతే పేస్‌మేకర్ వాడేది 20 సెకన్లు. బిజీ డేటాబేస్ మెమరీలోని పేజీలన్నీ డిస్కుకు పంపి ఆగడానికి రెండు నిమిషాలు పట్టొచ్చు. ఎవరో ఒక టెర్మినల్‌లో ఆ డైరెక్టరీలోనే కూర్చుని ఉంటే అన్‌మౌంట్ కుదరదు. బ్యాకప్ ప్రోగ్రామ్ ఒక ఫైలు పట్టుకుని ఉన్నా అంతే. ఆపే గడువును ఊహించి పెట్టకూడదు. ఎక్కువ లోడు ఉన్న వేళ డేటాబేస్‌ను చేత్తో ఆపి గడియారం చూసి, ఆ సమయానికి రెట్టింపు పెట్టాలి.

డిస్కు ఒక్కటే అయితే

రెండు సర్వర్లూ ఒకే స్టోరేజీ పెట్టెకు ఐస్కసీ ద్వారానో ఫైబర్ చానెల్ ద్వారానో కలిసి ఉంటే నకలు గొడవ లేదు. ఫెన్సింగ్‌ను కూడా డిస్కు చేతికే ఇవ్వొచ్చు. డిస్కులతో మాట్లాడే ప్రమాణమైన స్కసీ-3లో పర్సిస్టెంట్ రిజర్వేషన్ అనే పద్ధతి ఉంది. ప్రతి నోడ్ ఆ డిస్కు దగ్గర ఒక తాళంచెవి నమోదు చేసుకుంటుంది. నమోదైనవాళ్లే రాయగలరనే షరతుతో ఒక రిజర్వేషన్ పెడతారు. అవతలి నోడ్ మాట్లాడకపోతే ఇవతలి నోడ్ దాని తాళంచెవిని తొలగిస్తుంది, దారిలో ఉన్న దాని రాతలను కూడా రద్దు చేయమంటుంది. ఆ తర్వాత నిద్రలేచిన నోడ్ ఏం రాయబోయినా డిస్కు రిజర్వేషన్ కాన్‌ఫ్లిక్ట్ అని తిప్పికొడుతుంది. బీఎంసీ కంటే ఇది వేగం, నెట్‌వర్క్ మీద ఆధారం తక్కువ. లోపం ఒకటుంది. కాల్పు తిన్న నోడ్ కరెంటుతోనే ఉంటుంది, డిస్కు కోసం ఎదురుచూసే ప్రాసెసులతో సగం ప్రాణంగా. దాన్ని రీబూట్ చేయడానికి వాచ్‌డాగ్ (యంత్రం బిగుసుకుంటే రీబూట్ చేసే కాపలా) జతచేయాలి. మల్టీపాత్ ఉంటే ప్రతి దారి మీదా తాళంచెవి నమోదు కావాలి, దానికి వేరే ఫెన్సింగ్ ఏజెంటు ఉంది. ఒక్క దారి మీదే నమోదు చేస్తే, ఆ దారి పోయి ఇంకోదానికి మారిన క్షణాన ఆరోగ్యంగా ఉన్న నోడ్‌నే డిస్కు గెంటేస్తుంది.

ఐస్కసీలో గడువుల లెక్క కూడా తప్పకుండా చూడాలి. సెషన్ తెగితే లైనక్స్ ఇనీషియేటర్ (డిస్కును అడిగే వైపు ప్రోగ్రామ్) డిఫాల్టుగా 120 సెకన్లు తిరిగి కలవడానికి చూస్తుంది, అప్పటిదాకా ఎర్రర్ ఇవ్వదు. మల్టీపాత్ ఉన్నప్పుడు రెండో దారి సిద్ధంగా ఉన్నా ఆ రెండు నిమిషాలు అప్లికేషన్ బిగుసుకుపోయి ఉంటుంది. మల్టీపాత్ ఉంటే ఈ గడువును కొద్ది సెకన్లకు తగ్గించాలి. లేకపోతే తగ్గించకూడదు.

ఎన్ఎఫ్ఎస్ క్లయింట్లకు ఏం కనిపిస్తుంది

చాలా చోట్ల ఈ డిస్కును ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా మిగతా యంత్రాలకు ఇస్తారు. ఇక్కడ వరస తప్పితే అంతా తప్పుతుంది. డీఆర్‌బీడీ, ఫైల్ సిస్టమ్, ఎన్ఎఫ్ఎస్ సర్వర్, ఎక్స్‌పోర్టులు (పంచే డైరెక్టరీలు), ఆ తర్వాతే వర్చువల్ ఐపీ. ఐపీ ముందే వస్తే క్లయింట్లు వెంటనే వచ్చి తలుపు తడతాయి. లోపల ఎక్స్‌పోర్టు ఇంకా లేకపోవడంతో ఫైల్ హ్యాండిల్ (క్లయింట్ దగ్గరున్న ఫైలు గుర్తు) పాతబడిందని ఎర్రర్ తీసుకుని వెళ్తాయి. ఆ ఎర్రర్ ఒకసారి వస్తే కొన్ని అప్లికేషన్లు రీస్టార్ట్ చేసేదాకా కోలుకోవు. ఐపీ లేకపోతే మాత్రం సర్వర్ పలికేదాకా వదలని హార్డ్ మౌంట్ చేసిన క్లయింట్లు ఓపిగ్గా ఎదురుచూసి, రాగానే ఏమీ జరగనట్టు కొనసాగుతాయి. ఎక్స్‌పోర్టు ఎఫ్ఎస్ఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) రెండు నోడ్ల మీదా ఒకటే ఉండాలి. లేకపోతే రెండో సర్వర్ ఇచ్చే హ్యాండిళ్లు మొదటిదాని హ్యాండిళ్లతో కలవవు.

అన్నీ సరిగ్గా ఉండి, ముప్పై సెకన్లలో ఫెయిలోవర్ ముగిసినా క్లయింట్లు మరో నిమిషంన్నర బిగుసుకుపోవడం ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లో సర్వసాధారణం. కొత్తగా లేచిన సర్వర్, పాత క్లయింట్లు తమ లాక్‌లను తిరిగి చెప్పుకోవడానికి గ్రేస్ గడువు ఇస్తుంది, డిఫాల్టుగా 90 సెకన్లు. ఆ సమయంలో కొత్తగా ఫైలు తెరవనివ్వదు. గడువు తగ్గించాలంటే లీజు గడువును (క్లయింట్ తన లాక్‌లను పునరుద్ధరించుకోవాల్సిన గడువు) కూడా దానితోపాటే తగ్గించాలి. క్లయింట్ల జాబితా ఉండే ఎన్ఎఫ్ఎస్ స్థితి డైరెక్టరీని కూడా నకలు డిస్కు మీదే ఉంచాలి. అది ఒక్కో సర్వర్‌కు విడివిడిగా ఉంటే, రెండో సర్వర్‌కు పాత క్లయింట్లెవరో తెలియదు, లాక్‌లు పోతాయి.

తిరిగి రాక, చీలిక

పడిపోయిన నోడ్ బాగై తిరిగొచ్చాక అది సెకండరీగా చేరి వెనకబడిన బ్లాకులను తెచ్చుకుంటుంది. ఈ సమయం అనుకున్నదానికంటే ప్రమాదకరమైనది. పాత నకలు పాతదే అయినా ఒక క్షణానికి సంబంధించిన పొందికైన డేటా. సగం తెచ్చుకున్నాక అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఆ పది నిమిషాల్లో ప్రైమరీ పోతే చేతిలో ఏమీ మిగలదు. అందుకే డీఆర్‌బీడీని ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూములుగా పంచే లైనక్స్ పొర) మీద పెట్టి, రీసింక్‌కు, అంటే ఈ తెచ్చుకోవడానికి, ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణపు ప్రతి) తీసే స్క్రిప్టును జతచేస్తారు. అది డీఆర్‌బీడీతోనే వస్తుంది. స్నాప్‌షాట్‌కు వాల్యూమ్ గ్రూపులో కొంత ఖాళీ వదిలి ఉంచాలి. డిస్కు కట్టేటప్పుడు నూటికి నూరు శాతం వాడేసినవారికి ఈ అవకాశం ఉండదు. రీసింక్ ముగియగానే సర్వీసులు పాత నోడ్‌కు వాటంతటవే వెనక్కి పరిగెత్తకుండా స్టికీనెస్ విలువ పెట్టాలి. ఉత్తినే ఇంకో అంతరాయం ఎందుకు?

ఫెన్సింగ్ లేకుండా నడిపిన క్లస్టర్‌లో లింకు తెగి రెండు వైపులా ప్రైమరీ అయితే అదే స్ప్లిట్ బ్రెయిన్. రెండు డిస్కులూ వేర్వేరు దారుల్లో మారిపోయాయి. లింకు తిరిగి రాగానే డీఆర్‌బీడీ తరాల గుర్తులు పోల్చి చూసుకుని చీలిక కనిపెట్టి, కలవడం మానేసి, లాగ్‌లో రాసి, స్టాండ్‌అలోన్ స్థితిలో ఆగిపోతుంది. ఎవరూ లాగ్ చూడకపోతే నకలు నెలల తరబడి ఆగే ఉంటుంది. సర్వీసు నడుస్తూనే ఉంటుంది కనుక అనుమానం రాదు. తర్వాత నిజమైన ఫెయిలోవర్ జరిగిన రోజు ఎప్పటిదో పాత డేటా పైకి లేస్తుంది. అందుకే డీఆర్‌బీడీ కనెక్షన్ స్థితి మీద అలారం ఉండడం సర్వీసు మీద అలారం కంటే ముఖ్యం.

బాగుచేయాలంటే ఏ వైపు డేటా వదులుకోవాలో మనిషే తేల్చాలి. వదులుకునే వైపు లింకు తెంపి, సెకండరీ చేసి, నా డేటా పారేయి అన్న ఎంపికతో తిరిగి కలపాలి. రెండో వైపు కూడా స్టాండ్‌అలోన్‌లో ఉంటే అక్కడ మామూలుగా కలపాలి. పారేసే ముందు ఆ డిస్కుకు స్నాప్‌షాట్ తీసుకోవడం మరిచిపోకూడదు. రెండు వైపులా నమోదైన బిల్లులను తర్వాత చేత్తో కలపాల్సి రావొచ్చు. దీన్ని ఆటోమేటిక్‌గా పరిష్కరించే అమరికలు డీఆర్‌బీడీలో ఉన్నాయి. ఇటీవల ప్రైమరీ అయినదాన్ని ఉంచు, తక్కువ మారినదాన్ని పారేయి లాంటివి. ఒక వైపు అసలేమీ రాయని సందర్భానికి తప్ప వాటిని వాడడం అంటే, ఎవరి డేటా పోవాలో స్క్రిప్టుతో చీటీలు తీయించినట్టు.

పరీక్ష

నోడ్‌ను స్టాండ్‌బైలో పెట్టి సర్వీసు అవతలికి వెళ్లిందని చూసి పరీక్ష అయిపోయిందనుకుంటారు. అది సజావుగా ఆపి మార్చడం మాత్రమే, ఫెన్సింగ్ జోలికే పోదు. పరీక్షించాల్సినవి వేరే. కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైలులో ఇంగ్లిష్ సీ (c) అక్షరం రాస్తే కెర్నల్ అక్కడికక్కడే కూలుతుంది. కోరోసింక్ వాడే యూడీపీ పోర్టులన్నిటినీ (5405 నుంచి మొదలై లింకుకొకటి) ఫైర్‌వాల్‌తో రెండు దిశల్లోనూ ఆపితే రెండు నోడ్లూ బతికుండగానే చీలిక వస్తుంది, ఆలస్యం సరైన వైపు పెట్టారో లేదో అప్పుడు తేలుతుంది. ఒక దిశలోనే ఆపితే ఫలితం నమ్మదగింది కాదు. నకలు కేబుల్ ఒక్కటే పీకి, ఆఫీసు నెట్‌వర్క్ ఉంచాలి. అప్పుడు ఎవరూ ఎవర్నీ కాల్చకూడదు, సెకండరీ పైకి రాకుండా పేస్‌మేకర్‌లో ఒక ఆంక్ష మాత్రం పడాలి. రీసింక్ అయ్యాక అది తొలగిపోయిందో లేదో చూడాలి. తొలగకపోతే తర్వాతి ఫెయిలోవర్ మౌనంగా ఆగిపోతుంది.

ఆఖరి పరీక్షకు మాత్రం చాలామంది జంకుతారు. రాతలు జోరుగా నడుస్తున్నప్పుడు ప్రైమరీ సర్వర్ పవర్ కేబుళ్లు రెండూ ఒకేసారి పీకేయాలి. బీఎంసీ కూడా ఆరిపోయే పరీక్ష ఇదొక్కటే. పీడీయూ అంచె లేని క్లస్టర్‌లు ఇక్కడే ఆగిపోతాయి, స్థితి తెరమీద ఆ నోడ్ పక్కన అన్‌క్లీన్ (నిజంగా ఆగిందో లేదో తేలలేదు) అన్న మాటతో.